మిరుగం ముందరి మబ్బు

హోలీ పోయి వారం దాటగానే రామకృష్ణాపూర్‌లో ఎవరు ఎవరికి ఎదురైనా మాట ఒక్కటే: "ఈసారి ఎండలు ఎట్ల ఉంటయట?" క్వార్టర్లలో ఉండేవాళ్ళు ఫోన్ తీసి చూసి చెబుతారు. గూడెంలో ఇంకా కొందరు ముసలివాళ్ళు వాకిట్లోకి వచ్చి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పడమటి దిక్కు చూసి చెబుతారు. ఈ రెండు జవాబులకూ చరిత్ర ఉంది. మొదటిదాని చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. రెండోది ముసలివాళ్ళతోపాటే పోతున్నది. మేము ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఇంకో కారణం కూడా ఉంది. వాతావరణ సూచన అంటే టీవీలో ఎర్ర రంగు పూసిన పటం అని మన పిల్లలు అనుకుంటున్నారు. ఆ పటం మీద మన గూడెం ఎక్కడుంది, ఆ రంగు ఎవరిని కాపాడడానికి పూశారు అని అడగడం కూడా వాళ్ళకు రావాలి.

అందరం ఆర్‌కేపీ అని పిలుచుకునే ఈ ఊరు బొగ్గు మీద పుట్టింది. ఇటు మంచిర్యాల, అటు మందమర్రి. దగ్గరలోనే బొక్కలగుట్ట, ఆ పక్క అడవిలో గాంధారి ఖిల్లా. ఆ పాత కోట దగ్గర నాయకపోడ్లు ఏటా మాఘమాసంలో గాంధారి మైసమ్మకు జాతర చేస్తారు. జాతర రాత్రి తెల్లవారుజామున ఇంకా దుప్పటి కప్పుకోవాల్సిందే. జాతర అయి బండ్లు ఇంటి దారి పట్టాయంటే చలి పోయినట్టే లెక్క. అక్కడి నుంచి మిరుగం దాకా దాదాపు నాలుగు నెలలు. మా పెద్దల వాతావరణ విద్య ఎక్కువగా ఈ నాలుగు నెలల మీదే నడిచింది. వానకాలంలో వాన గురించి చెప్పేదేముంది, వాన లేని రోజుల్లో వానను చూసినోడే చూసినట్టు అని వాళ్ళు అనేవాళ్ళు.

రైతులు ఈ కాలాన్ని కార్తెలతో కొలిచారు. సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏప్రిల్ 13, 14 ప్రాంతంలో అశ్విని వస్తుంది. 27 ప్రాంతంలో భరణి, మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. అదే మన మిరుగం. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్న సామెత తెలియని ఇల్లు లేదు. పంచాంగం నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఏడాదికేడాది ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కార్తె సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి దాదాపు అదే తేదీకి వస్తుంది. ఎండావానలు సూర్యుడి పని కనుక వాటి లెక్కకు కార్తె బాగా కుదిరింది. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు ఖగోళ శాస్త్రం కూడా నేర్చుకుంటారు, టీచర్లు గమనించాలి.

గోండులకు తమ నెలల పేర్లు ఉన్నాయి. హోలీ వాళ్ళకు దురాడి. ఎండలు ముదిరే నెల భావె. పుష్యంలో లాగే భావెలో కూడా పెర్సాపేన్ పూజలు జరుగుతాయి. 1940లలో మార్లవాయిలో గోండుల మధ్య ఉండి రాసిన హైమెన్‌డార్ఫ్ ఈ నెలలనూ పూజలనూ వివరంగా నమోదు చేశాడు. వానలకు ముందు గోండులు, కొలాములు విత్తనాలకు పూజ చేసి మొహతుక్ జరుపుతారు. గోదావరి కింది భాగంలో కోయలు విజ్జ పండుం చేస్తారు. పేరేదైనా సంగతి ఒకటే. దేవుడి ముందు పెట్టిన తర్వాతే విత్తనం నేలలో పడాలి. ఈ కట్టుబాటు వల్ల ఇంకో మేలు జరిగేది. ఏప్రిల్‌లో ఒక అకాల వాన పడగానే ఆశపడి ఎవరూ విత్తనం చల్లేవాళ్ళు కాదు. వాన వచ్చినా పండుగ రాలేదు కదా! ఇది భక్తే కావచ్చు, కానీ అందులో అనుభవం కూడా ఉందని మాకు అనిపిస్తుంది.

ఫోన్‌కూ పెద్దలకూ అసలు తేడా ఇక్కడే ఉంది. ఫోన్ "రేపు 43 డిగ్రీలు" అంటుంది. పెద్దలు ఎన్నడూ అంకె చెప్పలేదు, పని చెప్పారు. ఇప్పపువ్వు రాత్రి రాలి తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. మబ్బు పట్టి చినుకు పడితే పువ్వు నల్లబడి ముక్కిపోతుంది. కాబట్టి సాయంత్రం ఆకాశం చూసి, రేపు ఇల్లంతా కదలాలా, ఒక్కరు పోతే చాలా అని చెప్పేవాళ్ళు. కొలాములు, నాయకపోడ్లు పోడు కొట్టుకున్న కాలంలో ఈ లెక్క ఇంకా కటువుగా ఉండేది. నరికిన చెట్లు బాగా ఎండాలి, మొదటి వాన రాకముందే కాల్చాలి. తొందరపడితే పచ్చికట్టె కాలదు. ఆలస్యమైతే కట్టె తడుస్తుంది, బూడిద ఉండదు, ఆ ఏటి పంట పోయినట్టే. సరైన రోజు ఏదో చెప్పగలిగినవాడి మాటకు ఊళ్ళో విలువ ఉండేది. నిజాం కాలంలో అడవికి రిజర్వు గీతలు గీశారు, చాలాచోట్ల పోడు ఆగిపోయింది. పోడుతోపాటు ఆ రోజును పసిగట్టే విద్యా పోయింది. ఎవరూ దాన్ని మరచిపోలేదు, దానికి పని లేకుండా పోయింది, అంతే.

ఇప్పటికీ మిగిలిన పని తునికాకు. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొడితే ఏప్రిల్ చివర లేత ఆకు వస్తుంది. కోసిన ఆకు యాభై చొప్పున కట్ట కట్టి కల్లంలో పరుస్తారు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. కట్టలు కల్లంలో వారం రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తిరగేస్తూ ఎండబెట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1971 చట్టం తర్వాత ఈ వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. కానీ కల్లం మీద పడే వానను ఏ చట్టమూ ఆపలేదు. రాళ్ళ వాన పడితే చెట్టు మీది ఆకు చిల్లులు పడుతుంది, కల్లంలోది మచ్చపడుతుంది. మచ్చపడిన ఆకుకు ధర లేదు. కాబట్టి మే నెల వాతావరణం మనకు ముచ్చట కాదు, కూలి.

ఇక గుర్తుల సంగతి. చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కడం, ఉసిళ్ళు లేవడం, తీతువు గుడ్లు ఎత్తు మీద పెట్టిందా పల్లంలో పెట్టిందా చూడటం, రేల పూత దట్టంగా ఉందా పలచగా ఉందా చూడటం. ఇవన్నీ మేము చిన్నప్పుడు విన్నవే. చంద్రుడి చుట్టూ కట్టే గుడి గురించిన మాట తెలుగువాళ్ళందరిదీ: దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన. ఈ మాటలో కొంత నిజం ఉంది. చంద్రుడికి దూరంగా కనిపించే పెద్ద వలయం చాలా ఎత్తున ఉన్న పలుచని మబ్బులోని మంచు పలుకుల వల్ల ఏర్పడుతుంది. పెద్ద మబ్బుల గుంపు రావడానికి ముందు అలాంటి మబ్బు తరచుగా వస్తుంది. చంద్రుణ్ణి అంటుకున్నట్టు ఉండే చిన్న వలయం నీటి తుంపరల వల్ల వస్తుంది, దానికీ రాబోయే వానకూ అంత సంబంధం ఉండదు. పెద్ద గుడి కట్టిన ప్రతిసారీ వాన పడదు, అదీ చెప్పాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. గమనించి చెప్పడం వేరు, జోస్యం చెప్పడం వేరు. మనకు దూరం కాని విదర్భలో, బుల్ఢానా జిల్లా భేండ్‌వళ్ అనే ఊళ్ళో, అక్షయ తృతీయనాడు పొలంలో గుంట తీసి, కుండ పెట్టి, చుట్టూ ధాన్యాలు పేర్చి, మర్నాడు తెల్లవారి అవి ఎటు జరిగాయో చూసి ఏడాది వానలు చెబుతారు. వేల మంది వింటారు. ఆ ఊరి నమ్మకాన్ని ఎగతాళి చేయం. కానీ చీమ గుడ్లు మోయడానికి గాలిలో తేమ కారణం కావచ్చు, గింజ జరగడానికి వచ్చే ఆషాఢం కారణం కాదు. మన పెద్దలు చెప్పిన వాటిలో కూడా ఈ రెండు రకాలూ కలిసే ఉన్నాయి. వేరు చేయడం చదువుకున్న మన పని.

ఇప్పుడు రెండో చరిత్రకు వద్దాం. పాలకులకూ కాలం లెక్క కావాల్సి వచ్చింది, కానీ పన్నుల కోసం. నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ సంవత్సరం పేరులోనే పంట ఉంది. అక్బరు కాలంలో శిస్తు వసూలు పంటకు కుదరాలని మొదలుపెట్టిన లెక్క అది. తెలంగాణలో పాత పహాణీలు తీస్తే ఇప్పటికీ ఫసలీ అంకెలే కనిపిస్తాయి. ఆంగ్లేయులు 1864లో కలకత్తా తుపాను చూశారు, 1866లోనూ 1871లోనూ వానలు తప్పడం చూశారు, 1875లో భారత వాతావరణ శాఖను పెట్టారు. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. శాఖ పుట్టిన మరుసటి ఏడే 1876–78 మహా కరువు వచ్చింది. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడిన ఏడు మన దేశంలో వానలు తగ్గుతాయని బ్లాన్‌ఫర్డ్ గమనించి, దాని ఆధారంగా 1886 నుంచి ఏటా వానల సూచన ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎక్కడి మంచుకొండలు, ఎక్కడి గోదావరి ఒడ్డు! మన తీతువు గుడ్లను మూఢనమ్మకం అనేవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించాలి. ఆయన చేసిందీ అదే పని: ఒకచోట గుర్తు చూసి ఇంకోచోట వాన చెప్పడం. తేడా ఏమిటంటే ఆయన ఏడాదికేడాది రాసి పెట్టాడు. తప్పినప్పుడు తప్పిందని అందరికీ తెలిసింది. తర్వాత వచ్చిన గిల్బర్ట్ వాకర్ పసిఫిక్ సముద్రం మీది గాలి ఒత్తిడి దాకా ఆ గుర్తుల వేట సాగించాడు. ఇవాళ మనం పేపర్లో చదివే ఎల్‌నినో కథకు అక్కడే ఒక మూలం ఉంది. 2009, 2015 ఎల్‌నినో ఏళ్ళు. రెండుసార్లూ దేశంలో వానలు బాగా తగ్గాయి.

ఎండల గురించి మాత్రం శాఖ చాలా ఆలస్యంగా నోరు విప్పింది. వానల సూచన 1886లో మొదలైతే, వేసవి ఎలా ఉండబోతుందో ముందే చెప్పే సూచన 2016లో మొదలైంది. నూట ముప్పై ఏళ్ళ తేడా. వాన తప్పితే శిస్తు పోతుంది, ఎండ ముదిరితే కూలివాడు పోతాడు. ఆ తేడాకు ఇదొక్కటే కారణమని మేము అనం, సాంకేతిక కారణాలూ ఉన్నాయి. కానీ ఇది కారణమే కాదని కూడా అనలేం.

ఈ మధ్యలోనే బొగ్గు వచ్చింది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1889 నాటికి తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. 1960ల నాటికి గోదావరికి రెండు వైపులా, అటు గోదావరిఖనిలో, ఇటు మందమర్రి వైపు, బాయిలు దిగాయి. ఊళ్ళు పుట్టాయి, నలుమూలల నుంచి జనం వచ్చారు. భూగర్భ గనిలో ఎండా వానా తెలియదు, అక్కడి వాతావరణం ఫ్యాన్ చేతిలో ఉంటుంది. ఓపెన్‌కాస్ట్ వచ్చాక లెక్క మారింది. వానకాలంలో గుంతలో నీళ్ళు నిలిచి, రోడ్లు బురదై తవ్వకం తగ్గుతుంది. కాబట్టి మిరుగం రాకముందే ఎంత తీస్తే అంత. అదే నెలల్లో ఫ్యాన్లు, కూలర్లు తిరిగి కరెంటు వాడకం పెరుగుతుంది, కరెంటుకు బొగ్గు కావాలి. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ, జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్లు. ఎండ ఎంత ముదిరితే బొగ్గు అంత కావాలి. బొగ్గు ఎంత కాలితే భూమి అంత వేడెక్కుతుంది. మన గూడేలు ఈ రెండింటి నడుమ ఉన్నాయి.

రామగుండంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది. పేపర్లో "రామగుండం 44" అని వస్తే మన ప్రాంతమంతా అదే అనుకుంటాం. ఆ 44 ఎక్కడిదో తెలుసుకోవాలి. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే పలకల గోడలతో తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. ఎండ నేరుగా తగలని ఆ పెట్టెలో థర్మామీటరు పెడతారు. అంటే 44 నీడలో 44. అది తప్పు పద్ధతి కాదు, ప్రపంచమంతా అలాగే కొలుస్తారు, అందుకే ఒక ఊరికీ ఇంకో ఊరికీ పోల్చగలం. కానీ నల్లబడిన ఓబీ గుట్ట పక్కన, తునికాకు కల్లంలో, డాంబరు రోడ్డు మీద నిలబడ్డ మనిషికి తగిలేది ఆ అంకె కాదు. మైదానంలో ఉష్ణోగ్రత 40కి చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాలి అంటారు. 45 దాటితే మామూలుతో పని లేకుండా వడగాలే. 47 దాటితే తీవ్రమైన వడగాలి. ఈ అంకెలు పదో తరగతి పిల్లలకు నోటికి రావాలి.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ టీవీలో చెప్పరు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం భూగర్భంలో పనిచేసే చోట తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటితే సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడించాలి. తడి థర్మామీటరు ఎందుకంటే చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. పోరాడి సాధించుకున్న కార్మికుల కోసం కింద ఈ గీత ఉంది. పైన ఆకు కోసే ఆడమనిషికి అలాంటి గీత ఏదీ లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వాలే లెక్క చెప్పాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని నాలుగు లక్షలకు పెంచింది. మంచి నిర్ణయం. అయితే చనిపోయింది వడదెబ్బతోనే అని అధికారులు నిర్ధారించాలి. అడవిలో పడిపోయి, ఇంటికి మోసుకొచ్చి, అదే సాయంత్రం మట్టి చేసిన మనిషికి కాగితం ఎక్కడిది? కాబట్టి యువకులకు మేము చెప్పేది: ఎవరికైనా వడదెబ్బ తగిలితే ముందు నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, దవాఖానకు తీసుకుపొండి. ప్రాణం నిలవకపోతే ఆ మాట దవాఖానలో రాయించండి. సిగ్గుపడవద్దు, భయపడవద్దు.

కొన్నేళ్ళ కింద మాకు జరిగిన సంగతి ఒకటి చెబుతాం. మే రెండో వారం. కల్లంలో నాలుగు రోజుల ఆకు ఎండుతోంది. ఫోన్‌లో ఎండే తప్ప ఏమీ లేదు. పొద్దున్నే మా పెద్దమ్మ ఒకామె, "ఉక్క తీరు బాగలేదు, కుక్క కూడ నీళ్ళల్ల పంటున్నది, మూట కట్టుండ్రి" అన్నది. మేము నవ్వాం. సగం ఎండిన ఆకు కడితే బూజు పడుతుంది, కొనేవాడు తీసి అవతల పారేస్తాడు. నాలుగు గంటలకు దుమారం లేచింది, ఆ వెనకే రాళ్ళ వాన. ఆకు పోయింది. మరుసటి ఏడు ఆమె మాట విని కట్టాం. చినుకు పడలేదు, ఆకు బూజు పట్టింది. ఆ సారి ఫోన్ చెప్పిందే నిజమైంది. ఆమె కూడా నవ్వింది: "దేవుడా నేను?"

ఆ వాన ఎందుకు వచ్చిందో తర్వాత చదువుకున్నాం. పగలంతా కాగిన నేల మీది వేడి గాలి పైకి లేస్తుంది. విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి ద్రోణి ఏర్పడిన రోజుల్లో బంగాళాఖాతం తేమ ఇటు వస్తుంది. వేడీ తేమా కలిసిన చోట మధ్యాహ్నం మూడు తర్వాత మబ్బు కోటలా లేస్తుంది. ఆమె చెప్పిన "ఉక్క తీరు" ఆ తేమే. మబ్బు ఏ ఊరి మీద లేస్తుందో మాత్రం ముందు రోజు చెప్పడం శాఖకూ కష్టం. కొన్ని గంటల ముందు రాడార్ చూసి చెప్పగలరు. పిడుగుల గురించి పుణెలోని సంస్థ తయారుచేసిన దామిని యాప్ దగ్గరలో పిడుగు పడుతుంటే హెచ్చరిస్తుంది. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, మండలంవారీగా అంకెలు రోజూ బయటికి వస్తాయి. వాటిని చూడటం పిల్లలకు నేర్పించడం ఏ టీచరుకైనా అరగంట పని.

అదే నోటు పుస్తకంలో పక్క వరుసలో మనవీ రాయించవచ్చు. రేల ఏ తేదీన పూసింది, ఉసిళ్ళు ఎప్పుడు లేచాయి, మొదటి ఉరుము ఎప్పుడు, పెద్దమ్మ ఏమన్నది, ఫోన్ ఏమన్నది, చివరకు ఏం జరిగింది. నాలుగైదేళ్ళు రాస్తే ఏ గుర్తు నిలబడుతుందో ఏది నిలబడదో తేలుతుంది. కొన్ని పోతాయి, పోనీయండి.

మొన్న ఏప్రిల్‌లో ఆ పెద్దమ్మ దగ్గరికి పోయి, ఈ ఏడు ఎట్లుంటదని అడిగాం. ఆమె వాకిట్లోకి వచ్చి, అలవాటుగా పడమటికి తిరిగి, చేయి నొసటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా ఓబీ గుట్ట. ఏటేటా పెరిగి ఇప్పుడు తాడిచెట్లకంటే ఎత్తయింది. కాసేపు నిలబడి చూసింది. తర్వాత మనవణ్ణి పిలిచి, "అరేయ్, ఆ నీళ్ళ ట్యాంకెక్కి చూడు, అటు పక్క మబ్బేమన్న ఉన్నదా" అన్నది. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు.